వినిపించినప్పుడల్లా ముట్టుకోండి

మా సూరత్‌లో ఈ మధ్య మనిషిని కలవాలంటే ముందు ఒక అద్దాన్ని ముట్టుకోవాలి. బ్యాంకుకు పోతే పాస్‌బుక్కు అచ్చువేసే మిషన్. ఉధ్నా స్టేషన్‌కు పోతే టికెట్ల మిషన్. పోనీ, దోసె తిందామని పోతే అక్కడా తలుపు పక్కనే నా అంత ఎత్తు తెర, దాని మీద నా తలకాయంత దోసె బొమ్మ. ఎవరినీ అడగక్కర్లేదు, మీ పని మీరే చేసుకోవచ్చు అని దాని గొప్ప. కానీ మనకు ఆ మిషన్ రాదు కాబట్టి దాని పక్కన ఒక అమ్మాయిని యూనిఫారం తొడిగి నిలబెడతారు. ఆమె అడుగుతుంది, మనం చెబుతాం, ఆమె తెర మీద నొక్కుతుంది, చీటీ వస్తుంది, ఆ చీటీ తీసుకెళ్లి లోపలున్న మనిషికి ఇస్తాం. ఇదివరకు ఆ లోపలి మనిషికే నోటితో చెప్పేవాళ్లం. ఓరి దేవుడా, ఈమాత్రం దానికి ఇంత కరెంటా!

నేను ముప్పై ఏళ్లు ఇక్కడి మునిసిపాలిటీ తెలుగు బడిలో చిన్నపిల్లలకు అక్షరాలు దిద్దించాను. నా గొంతు పెద్దదని మా గోడాదరా పేటలో అందరికీ తెలుసు. ఏం చెయ్యను? బడిలో గదినిండా పిల్లలు, ఇంట్లో వినపడని మొగుడు. వీళ్ల మధ్య నా గొంతు పెరిగిందే కానీ తగ్గింది లేదు.

మా ఆయన సాంచాల మనిషి. పవర్‌లూమును మావాళ్లు సాంచ అంటారు. కరీంనగర్ వైపు నుంచి మీసాలు రాకముందే వచ్చి, రెండేళ్ల కింద షెడ్డు మూసేదాకా సాంచాల మధ్యే బతికాడు. ఆ షెడ్డులో మాట వినపడదు. పెదాలు చూసి, చేతులు చూసి మాట్లాడుకుంటారు. పిడికిలి నోటి దగ్గర పెడితే చాయ్. రెండు వేళ్లు కలిపి విడదీస్తే పోగు తెగిందని. అరచెయ్యి బొజ్జ మీద గుండ్రంగా తిప్పితే సేఠ్ వస్తున్నాడని. పెళ్లయిన కొత్తలో ఇవన్నీ నాకూ నేర్పాడు. మా కాపురంలో సగం సైగలతోనే గడిచింది. అందుకే ఆయన చెవులు ఎప్పుడు పోయాయో నాకు తెలియలేదు. ఎదురుగా నిలబడి మాట్లాడితే అన్నీ తెలిసేవి. వంటింట్లోంచి పిలిస్తే పలికేవాడు కాదు. మొగుళ్లందరూ అంతే కదా అని నేనూ పట్టించుకోలేదు.

వినపడని మనిషి ఏం చేస్తాడో తెలుసా? నవ్వుతాడు. ఎదుటివాడి పెదాలు కదిలినంతసేపూ నవ్వుతూ తల ఊపుతాడు. మధ్యమధ్యలో "అచ్ఛా, అచ్ఛా" అంటాడు. ఆ నవ్వు చూసి మా బిల్డింగులో అందరూ మా ఆయనను ఎంత మంచివాడో అనేవాళ్లు. సాయంత్రం కింద అరుగు మీద కూచుంటే పదిమంది చుట్టూ చేరేవాళ్లు. అడ్డు చెప్పకుండా వినే మనిషి ఎవరికి చేదు?

ఆ నవ్వే కొంప ముంచింది. మా కింది ఇంట్లో ఆటో నడిపే మరాఠీ ఆయన ఉన్నాడు. మా ఆయనకు ఆయనంటే ప్రాణం. ఆ వారమంతా ఆయన కొడుక్కి సంబంధం కుదిరేట్టు ఉందని బిల్డింగంతా మాట. ఒకరోజు ఆయన మూతికి తువ్వాలు అడ్డం పెట్టుకుని అరుగు దగ్గరికి వచ్చి ఏదో చెప్పాడు. పెదాలు కనపడలేదు. మా ఆయన సంబంధం కుదిరిందనుకున్నాడు. పెద్దగా నవ్వి, ఆయన భుజం తట్టి, "బహుత్ అచ్ఛా, బహుత్ అచ్ఛా! మిఠాయి ఎప్పుడు?" అన్నాడు. ఆ మనిషి చెప్పింది వాళ్లమ్మ పోయిందని. పొద్దున ఊరి నుంచి ఫోను వచ్చిందట.

నేను మెట్ల మీదే ఉన్నాను. విన్నాను. ఆ మరాఠీ ఆయన తువ్వాలు తీసి మా ఆయన ముఖంలోకి చూసిన చూపు నేను చచ్చేదాకా మరచిపోను. వెళ్లిపోయాడు.

సంగతి చెప్పాక మా ఆయన మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆ రోజు నుంచి కిందికి దిగలేదు. నాలుగు నెలలు. గోదాం వాళ్లు కూలికిచ్చి ఇంటికి పంపే చీరల మూటలు విప్పడం, మడతలు పెట్టడం, మళ్లీ కట్టడం. ఇంతే. ఎవరైనా వస్తే నవ్వుతానేమోనని భయపడి లోపలి గదిలోకి పోయేవాడు. నవ్వడానికి భయపడే మనిషిని నేను అంతకుముందు చూడలేదు. ఆ మనిషిని మళ్లీ అరుగు మీద పదిమందిలో కూచోబెట్టాలి, కింది ఆయనతో మాట్లాడించాలి. నాకు ఇంకేమీ వద్దనిపించింది.

ఉధ్నా దగ్గర ఒక ధర్మాసుపత్రిలో చెవి మిషన్లు ఉచితంగా పెడుతున్నారని నాతో పనిచేసిన టీచరమ్మ చెప్పింది. మా ఆయన రానన్నాడు. నేను ఎదురుగా నిలబడి, "కింది ఆయనకు ముఖం సూపియ్యాలె గదా? గిట్లనే గోడకు చెప్పుకుంట కూసుంటవా?" అన్నాను. ఆ మాటకు లేచి చొక్కా తొడుక్కున్నాడు.

ఆసుపత్రి హాల్లో నాలుగు తెరలు. డాక్టరు దగ్గరికి నేరుగా పోవడానికి లేదట. ముందు మనమే మన చెవుల పరీక్ష చేసుకోవాలి. ఎర్ర చీటీ వస్తే ఆరో నంబరు గదిలో డాక్టరు దగ్గరికి. పచ్చ చీటీ వస్తే ఇంటికి. సరే, తెర ముందు నిలబడ్డాం. గుజరాతీ, హిందీ, ఇంగ్లీషు. ఇంతమంది తెలుగువాళ్లున్న ఊళ్లో తెలుగు అక్షరం ముక్క లేదు. నా ముప్పై ఏళ్ల దిద్దుబాటు గంగలో కలిసింది కదా అనుకుని హిందీ నొక్కమన్నాను.

సాంచాల షెడ్డులో గాలంతా నూలు దుమ్మే. దేని మీద చూసినా తెల్లగా నూగు పట్టి ఉంటుంది. అందుకని ఏ వస్తువును ముట్టుకోవాలన్నా ముందు అరచేత్తో ఒకసారి తుడుస్తారు. మంచినీళ్ల గ్లాసైనా అంతే, దేవుడి పటమైనా అంతే. మా ఆయన హిందీ నొక్కాడు, పేరు అడిగింది. ఆయన అలవాటుగా అరచేత్తో తెరను ఇటు నుంచి అటు తుడిచాడు. పేజీ ఎగిరిపోయి మళ్లీ గుజరాతీ, హిందీ, ఇంగ్లీషు వచ్చాయి. మళ్లీ నొక్కాడు. మళ్లీ తుడిచాడు. మళ్లీ మొదటికొచ్చింది. వెనక లైనులో వాళ్లు "కాకా, జల్దీ కరో" అని గోల.

"తుడువకు!" అని సైగ చేశాను.

"దుమ్మున్నదే," అన్నాడు.

"నీ దుమ్ము పాడుగాను! చేతులు కట్టుకో!" అని బడిలో అరిచినట్టు అరిచాను. ఆయనకు వినపడకపోయినా నా ముఖం చూసి చేతులు కట్టుకున్నాడు. వెనక లైనులో మరో ఇద్దరు కూడా కట్టుకున్నారు.

పేరు నేనే కొట్టాను. తర్వాత ఒక గాజు గది. బీరువాకంటే కొంచెం పెద్దది. లోపల కుర్చీ, చెవులకు పెట్టుకునే బుడిపెలు, ఎదురుగా ఇంకో తెర. దాని మీద హిందీలో పెద్ద అక్షరాలు: శబ్దం వినిపించినప్పుడల్లా ముట్టుకోండి. యూనిఫారం అమ్మాయి ఆయనను కూచోబెట్టి తలుపు వేసింది. నేను గాజులోంచి చూస్తున్నాను. మా ఆయన ఒక నిమిషం ఆలోచించాడు. తర్వాత వేలు పెట్టి టక్, టక్, టక్, టక్ మని నొక్కడం మొదలుపెట్టాడు. ఆపడే! చెమటలు పడుతున్నా నొక్కుతూనే ఉన్నాడు. అరెరే, అన్నీ వినపడుతున్నాయే అని నేను నోరు తెరుచుకుని చూశాను.

పచ్చ చీటీ వచ్చింది. తెర మీద పసుప్పచ్చని గుండ్రటి ముఖం ఒకటి లేచి నవ్వింది. చుట్టూ రంగుకాగితాలు రాలాయి. మీ వినికిడి బ్రహ్మాండంగా ఉంది, అభినందనలు అని రాసింది. యూనిఫారం అమ్మాయి కూడా చప్పట్లు కొట్టింది.

అప్పుడు నేను చేసిన పని చెప్పడానికి సిగ్గేస్తుంది. ఆ మిషన్ మాట నమ్మేశాను. ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమన్నట్టు. హాలు మధ్యలో నిలబెట్టి కడిగేశాను.

"ఏందయ్యా, గిన్నేండ్లు నీకు ఇనపడ్తనే ఉన్నదా? నాతోని నాటకాలాడినవా?"

ఆయన బిత్తరపోయి చూస్తున్నాడు. అలవాటు కొద్దీ నవ్వాడు. ఆ నవ్వు చూస్తే నాకు ఇంకా మండింది. ఆటోలో ఇంటికి వచ్చేదాకా ఒక్కొక్కటే తవ్వాను. మా తమ్ముడొచ్చి మంచినీళ్లు అడిగితే పలకలేదు. పప్పు మాడిపోతుంటే లేవలేదు. అవన్నీ పోనీ. ఎనిమిదేళ్ల కింద నేను స్నానాలగదిలో జారిపడి, కాలు విరిగి, గంటసేపు పిలిచాను. ఈ మనిషి బయటి గదిలో కూచుని చాయ్ తాగాడు. అప్పుడు చెవులు వినపడవులే అని సరిపెట్టుకున్నాను. ఇప్పుడు వినపడతాయని అచ్చువేసి చేతిలో పెడితే ఏమనుకోవాలి? విని కూడా రాలేదా అనుకున్నాను. ఆ మాట నన్ను లోపల కోసేసింది.

మూడు రోజులు అన్నం పెట్టాను కానీ మాట్లాడలేదు. ఊరికే ఉన్నానా, అదీ లేదు. వెనక నిలబడి పరీక్షలు. "మీ చెల్లెది వట్టి దొంగమొఖం" అని మెల్లగా అన్నాను. చెల్లెలిని ఒక్క మాటంటే ఒప్పుకోని మనిషి తల కూడా తిప్పలేదు. అబ్బో, ఎంత గట్టివాడో అనుకున్నాను. స్టీలు బేసిన్ గచ్చు మీద వదిలాను. పై అంతస్తు నుంచి మనిషి దిగొచ్చి ఏమైందని అడిగాడు. ఈయన చీర మడతపెడుతున్నాడు. మూడో రోజు నేను స్నానానికి పోయి వచ్చేసరికి కుక్కరు విజిల్ మీద విజిల్ వేస్తూ ఊగిపోతోంది. దాని పక్కనే కూచుని ఆయన ప్రశాంతంగా జరీ అంచు సరిచేస్తున్నాడు. వాసన తగిలి తల ఎత్తాడు. "అయ్యో, మాడిందా?" అని వట్టి చేతులతోనే కుక్కరు దించబోయి వేళ్లు కాల్చుకున్నాడు.

నటించే మనిషి వేళ్లు కాల్చుకోడు. నేను ఆ వేళ్లకు కొబ్బరినూనె రాస్తూ ఎదురుగా కూచుని అడిగాను. "ఆ అద్దం అర్రల నీకేమినపడ్డది?"

"సాంచాలు," అన్నాడు.

"ఏం సాంచాలు? ఆడేడున్నయి?"

"మన సాంచాలే. టక్కటక్క, టక్కటక్క. ఎప్పుడుంటయి గదా. షెడ్డు బందైనంక గూడ ఆగలె. పన్నా ఉంటయి, లేసినా ఉంటయి. ఇనపడ్డప్పుడల్లా ముట్టుకోమన్నరు. ఆగితెనే గదా చెయ్యి తీసేది? నొక్కుట్ల జర ఎనకవడ్డనా?"

"నాకెన్నడు చెప్పలేదేందయ్యా?"

"అందరికీ ఉంటయనుకున్న," అన్నాడు.

నాకు ఏడుపు ఆగలేదు. బడిలో ఏది అడిగినా చెయ్యెత్తే పిల్లవాణ్ని చూసి వాడికి అన్నీ వచ్చని నేను ఏ రోజూ అనుకోలేదు. అలాంటివాడికి ఒక్కటీ రాదని మొదటి సంవత్సరమే తెలిసింది. అలాంటి నేను, ఒక పెట్టె చెప్పిన మాట పట్టుకుని, నిజాయితీగా చెమటలు కక్కుతూ నొక్కిన మనిషిని హాలు మధ్యలో దొంగను చేశాను. ఆలోచిస్తే ఆ మిషనూ మా ఆయనా ఒకటే. వాళ్లకు ఏమీ వినపడదు, ఎదుటివాడు చెప్పేది ఏదైనా సరే నవ్వుతారు. తేడా ఒక్కటే, మా ఆయన తన తప్పుకు నాలుగు నెలలు గోడవైపు తిరిగి పడుకున్నాడు.

మర్నాడే మళ్లీ ఆసుపత్రికి పోయాం. పేరు కొట్టాను. మీకు పరీక్ష అయిపోయింది, మీరు బాగున్నారు, ఆరు నెలల తర్వాత రండి అంది తెర. సాయం అని రాసి ఉన్నచోట నొక్కాను. ఒక అందమైన పిల్ల బొమ్మ వచ్చి రెండు చేతులూ జోడించి నమస్తే పెట్టి, మళ్లీ మొదటి పేజీకి పంపింది. యూనిఫారం అమ్మాయి దగ్గరికి పోయాను.

"మాసీ, సిస్టమ్‌లో నార్మల్ అని వచ్చింది," అంది హిందీలో.

"సిస్టమ్ చెవులు కాదమ్మా, ఈయన చెవులు చూడండి," అన్నాను.

"సిస్టమ్ ఒప్పుకోకపోతే డాక్టర్ గారికి పేరే పోదు మాసీ. కావాలంటే మీ అభిప్రాయం చెప్పండి," అని ఇంకో తెర చూపించింది. అందులో ఐదు ముఖాలు. పెద్దగా నవ్వేది, కొంచెం నవ్వేది, ఊరికే ఉండేది, మూతి ముడిచింది, ఏడ్చేది. నా అభిప్రాయానికి సరిపోయే ముఖం వాటిలో లేదు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అరగంట వాదించాను.

మా ఆయన నా భుజం తట్టి, "ఏమంటాంది?" అని అడిగాడు. సైగలతో చెప్పాను: మిషన్ తప్పు చెప్పింది, తప్పని అందరికీ తెలుసు, ఎవరూ ఏమీ చెయ్యరట.

"తప్పు నేస్తాంటె సాంచ ఆపరా?" అన్నాడు.

ఆయన ముఖంలో ఆశ్చర్యం చూడాలి. షెడ్డులో అది మొదటి పాఠం. గుడ్డలో తప్పు కనపడితే ముందు సాంచ ఆపాలి. కారణం తర్వాత వెతకాలి. నడుస్తుండగా చూస్తూ నిలబడితే గుడ్డ తాను మొత్తం పాడవుతుంది. సేఠ్ ఎదురుగా ఉన్నా సరే, ఎవరినీ అడగరు. మా ఆయన తెరల వెనక్కి నడిచాడు. వైర్ల వెంట కళ్లు పోనిచ్చి, గోడ మీద స్విచ్చి చూసుకుని, అలవాటుగా దాన్ని అరచేత్తో తుడిచి, కట్టేశాడు.

నాలుగు తెరలూ ఒక్కసారి నల్లబడ్డాయి. "లైట్ గయీ!" అని యూనిఫారం అమ్మాయి కరెంటు పోయిందనుకుని కేక వేసింది. పైన ఫ్యాన్లు తిరుగుతూనే ఉన్నాయి. ఒక్కరూ తల ఎత్తి చూడలేదు. లోపలి నుంచి తలనెరిసిన గుమాస్తా ఒకాయన రిజిస్టరూ పెన్నూ పట్టుకుని వచ్చి, బల్ల లాక్కుని కూచున్నాడు. మా వంతు రాగానే, "ఏం బాధ?" అన్నాడు.

"చెవులు వినపడవు."

"ఆరో నంబరు."

అయిపోయింది. నాలుగు రోజుల భాగోతం రెండు మాటల్లో తేలింది. పిల్లలకు నీతులు చెప్పిన పంతులమ్మను, మొగుడు స్విచ్చి కట్టేస్తే నోరు మూసుకుని లైనులో నిలబడ్డాను. అబద్ధమెందుకు, సంతోషంగానే నిలబడ్డాను.

ఆరో గదిలో మన తెలుగు డాక్టరమ్మే ఉంది. చిన్నపిల్ల. అయితే ఏం, ఆమెకూ ముందొక తెర. దానివైపు చూస్తూ టైపు చేస్తూ, "ఎన్నేళ్ల నుంచండీ?" అని అడిగింది. మా ఆయనకు పెదాలు కనపడలేదు. "అచ్ఛా, అచ్ఛా," అన్నాడు, నవ్వుతూ.

"అమ్మా, ఆ అద్దాన్ని కాదు, ఆయన ముఖం చూసి అడుగు," అన్నాను. ఆ పిల్ల మంచిది. కుర్చీ తిప్పుకుంది. సొరుగులోంచి రెండు కాళ్ల ఇనుప ముక్క ఒకటి తీసి, మోచేతికి కొట్టి, ఆయన నుదుటి మీద, చెవి వెనక ఆనించింది. దానికి వైరూ లేదు, తెరా లేదు. నేను సాంచాల సంగతి అంతా చెప్పాను. స్విచ్చి సంగతి కూడా కక్కేశాను. ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వి, వెంటనే చెయ్యి తీసేసి ఆయనకు కనపడేట్టు చెప్పింది.

"ఆ చప్పుడు బయటిది కాదండీ, చెవి లోపలిది. షెడ్లలో పనిచేసినవాళ్లు చాలామందికి ఉంటుంది. మిషన్ పెడితే బయటి మాటలు వినపడతాయి. లోపలి చప్పుడు కొంచెం తగ్గొచ్చు, పూర్తిగా పోతుందని చెప్పలేను."

చెవి వెనక చిక్కుడుగింజంత మిషన్ పెట్టింది. ఏదో తిప్పింది. మా ఆయన కదలకుండా కూచున్నాడు. ఫ్యాను వైపు చూశాడు. డాక్టరమ్మ గాజుల వైపు చూశాడు. తర్వాత నన్ను చూశాడు.

"సాంచాలు దూరం పోయినయే," అన్నాడు. "పక్క షెడ్డుల నడుస్తున్నట్టున్నయి."

పోతూ పోతూ స్విచ్చి వేశాడు. ఆపిన సాంచను నడిపించకుండా పోవద్దట. తెరలు వెలిగాయి. గుమాస్తా రిజిస్టరు మూసుకుని లోపలికి పోయాడు, లైను మళ్లీ అద్దాల ముందుకు మారింది.

ఇంటికి వచ్చాక నేను పైకి పోయాను. ఆయన రాలేదు. బాల్కనీలోంచి తొంగి చూస్తే కింది ఆయన తలుపు ముందు నిలబడి ఉన్నాడు. ఆ మరాఠీ ఆయన బయటికి వచ్చాడు. మా ఆయన చెవి వెనక మిషన్ చూపించి, రెండు చేతులూ జోడించాడు. ఇద్దరూ అరుగు మీద కూచున్నారు. రోడ్డు మీద ఆటోల గోలలో వాళ్ల మాటలు నాకు వినపడలేదు. పెదాలు మాత్రం కనపడుతున్నాయి, మా ఆయన నేర్పిన విద్యే కదా. "ఆ రోజు చెప్పింది మళ్లీ చెప్పు," అన్నాడు మా ఆయన.

ఆ మరాఠీ ఆయన చెప్పడం మొదలుపెట్టాడు. వాళ్లమ్మ గురించి చాలాసేపు చెప్పాడు. మధ్యలో తువ్వాలు మూతికి పెట్టుకున్నాడు, పెట్టుకునే మాట్లాడాడు. మా ఆయన తల ఊపలేదు, అచ్ఛా అనలేదు. చివరిదాకా విన్నాడు. ఒక్కసారి కూడా నవ్వలేదు.